శనివారం మాత్రలు

మా ఇంట్లో నోరుగలదాన్ని నేనే. రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, హార్బరులో మా పడవను ఎవరైనా పక్కకు నెట్టినా, నెల్లూరులో కాపురమున్న నాకే ఫోనొచ్చేది. తమ్ముడికి ఒళ్ళు వాచి మళ్ళీ ఆసుపత్రిలో పడినప్పుడు డాక్టర్లతో మాట్లాడే పని కూడా అట్లాగే నా మీద పడింది.

ఏడాది కిందట అమ్మ తన కిడ్నీ ఒకటి వాడికిచ్చింది. ఒళ్ళు దాన్ని పరాయిదనుకుని చంపెయ్యకుండా రోజూ పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి వేళ తప్పకుండా మాత్రలు వేసుకోవాలి. డాక్టరు రిపోర్టుల మీంచి తలెత్తకుండానే, "మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం మీద వలలేసుకునే వాళ్ళంటే ఇంత చులకనా? సంచిలోని ఖాళీ మాత్రల అట్టలన్నీ ఆయన బల్ల మీద కుమ్మరించాను.

"లెక్కపెట్టుకోండి సార్. ఒక్క మాత్ర మిగిలుంటే నన్నడగండి!"

కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నాడు. తప్పు మావాడి మీదికి తొయ్యడానికే అనుకుని, ఇన్ఫెక్షనేమో ముందది చూడమని అడ్డం తిరిగాను. తమ్ముణ్ణి ఆ కాగితం మీద సంతకం పెట్టనియ్యలేదు. మూడు రోజులు ఇన్ఫెక్షను పరీక్షలతోనే పోయాయి. గెలిచానని లోలోపల సంతోషపడ్డాను కూడా.

నాలుగో రోజు శనివారం. నర్సు ఇచ్చిన మాత్రలు అమ్మ అందుకుని, నర్సు అటు పోగానే కొంగున ముడేసుకుంది.

"ఏందిమా అది?"

"ఈ పొద్దు శనివారం గదా. దీపం పెట్టినాక రెండు పూటలవీ కలిపి ఏసుకుంటాడులే. బిడ్డ బతికితే శనివారాలు ఒక్కపొద్దు ఉండిస్తానని స్వామికి మొక్కుకున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇంటికొచ్చిన కాడ్నించి. ఒక్క మాత్ర గూడా ఎగ్గొట్టలేదే వాడు."

మా ఇళ్ళలో ఒక్కపొద్దంటే దీపం పెట్టేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మాత్ర ఎట్లా మింగుతాడు? కిడ్నీ ఇచ్చిందీ, మొక్కుకున్నదీ అమ్మే అయినప్పుడు కాదని ఎట్లా అంటాడు? తమ్ముడు గోడవైపుకు తిరిగి పడుకున్నాడు. నా అట్టల లెక్క సరిగ్గానే ఉంది. దాంతోనే నేను డాక్టరు నోరు మూయించాను.

పోయి ఆయనకు అంతా చెప్పాను. ఆ రోజే ముక్క తీశారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "మూడు రోజుల ముందయితే..." అని ఆగిపోయాడాయన. తిట్టినా బాగుండేది.

కిడ్నీ నిలవలేదు. మళ్ళీ డయాలసిస్ మొదలైన రోజు, వాణ్ణి మిషను పక్కన పడుకోబెట్టాక అమ్మ నన్ను వరండాలోకి లాక్కొచ్చింది.

"నాకింకోటుంది గదా. అది గూడా తీసి వాడికి పెట్టమని అడగవే. నువ్వయితే గట్టిగా మాట్లాడతావు."

నా చెయ్యి వదలకుండా, నేనేం చెబుతానోనని నా నోటివైపే చూస్తూ నిలబడింది.