గుండ్రటి స్విచ్చూ, హైదరాబాద్ బల్బులూ

మా ముందు గదిలో లైట్లు కొట్టుకుంటుంటే నేను ఎలక్ట్రీషియన్ మీద అరిచాననీ, ఆ అరుపుకి జడిసి లైట్లే కుదురుకున్నాయనీ ఇంగ్లండ్‌లో మేముండే స్టీవెనేజ్ ఊళ్లో మన తెలుగువాళ్లు ఏ పుట్టినరోజు పార్టీలో కలిసినా చెప్పుకుంటారు. చెప్పేది మావారు. నవ్వేది అందరూ. అది శుద్ధ అబద్ధం. ఆ ఎలక్ట్రీషియన్‌కి నేను రెండుసార్లు టీ ఇచ్చాను, ఒకసారి క్షమాపణ కూడా చెప్పాను. నేను చెప్పిన క్షమాపణలు మరీ తక్కువ కాబట్టి ఒక్కొక్కటీ నాకు తేదీతో సహా గుర్తుంటుంది.

అసలు సంగతి ఇల్లు. ఈ పాత ఇల్లు నేను పట్టుబట్టి కొనిపించాను. నేను రిసెప్షన్‌లో పనిచేసే జీపీ సర్జరీకి, అంటే మా పేట డాక్టరు క్లినిక్‌కి, నడిచి వెళ్లొచ్చు. వెనక తోటలో మెంతికూర వేసుకోవచ్చు. ముందు గదిలోకి పొద్దున్నే ఎండ వచ్చి మనకంటే ముందు సోఫాలో కూర్చుంటుంది. మావారికి మాత్రం కేంబ్రిడ్జ్‌లో, ఆఫీసు పక్కనే, కొత్తగా కట్టిన ఫ్లాట్ కావాలి. ఆ వాదనలో నేను గెలిచాను. ఇంట్లో దిగిన మూడో వారానికి లైట్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

ముందు గదిలో మూడు బల్బుల దీపం ఉంది. దానికి గోడమీద గుండ్రటి స్విచ్చు. రేడియోలో వాల్యూమ్ తిప్పినట్టు తిప్పితే వెలుతురు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే దాన్ని నాలుగుసార్లు తిప్పి మురిసిపోయాను. అలాంటిది ఇప్పుడు ఎటు తిప్పినా బల్బులు టపటపా రెప్పలు కొడుతున్నాయి.

“చెప్పిన గదా, పాత ఇల్లు వద్దని. వైరింగ్ ఖరాబైంది,” అన్నారు మావారు. పెళ్లిపీటల మీద కూడా ఆయన మొహంలో అంత వెలుగు చూడలేదు నేను.

“ఖరాబైంది వైరింగ్ కాదు, మీ చూపు. దిగినప్పటిసంది ఇంటికి దిష్టి పెడుతున్నరు.”

“సరే, ఎలక్ట్రీషియన్‌ని పిలుస్త. వైరింగ్ పోయిందని ఆయనంటే ఇల్లు అమ్ముడే, కేంబ్రిడ్జ్ పోవుడే. ఒప్పుకుంటవా?”

“ఒప్పుకుంట!” అన్నాను. నా నోటికి ముందుకు పోవడమే తెలుసు.

ఎలక్ట్రీషియన్ వచ్చేది శనివారం. అంతలోపు దొంగని నేనే పట్టుకోవాలి. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని, ఆ మాత్రం చేతకాదా? ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటీ ఆన్ చేసి, దేనికి లైటు అదురుతుందో చూడాలనుకున్నాను. మావారిని దీపం కింద నిలబెట్టాను. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయికి కాగితం, పెన్ను ఇచ్చి మెట్లమీద కూర్చోబెట్టాను.

“కెటిల్!” అని వంటింట్లోంచి అరిచాను.

“కొట్టుకుంటుంది!”

“కెటిల్ బంద్!”

“ఇంకా కొట్టుకుంటుంది!”

“మిక్సీ!”

“ఏం? వినిపిస్తలేదు!”

“మిక్సీ అంటున్న!”

“మిక్సీ తప్ప ఏం వినిపిస్తలేదే!”

వాషింగ్ మెషీన్ అయింది, ఇల్లూడ్చే హూవర్ అయింది, హెయిర్ డ్రయ్యర్ అయింది. లైటు దేన్నీ లెక్కచేయలేదు. “మమ్, ఇట్స్ లిటరల్లీ ఎ డిస్కో,” అని మా అమ్మాయి కాగితం పడేసి ఫోన్లో పాట పెట్టింది. నేను హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని ఊగాను. మావారు దీపం కిందే “కొట్టుకుంటుంది, కొట్టుకుంటుంది” అంటూ భుజాలెగరేశారు. కుక్కని తిప్పడానికి వచ్చిన పెద్దాయనెవరో కిటికీ ముందు ఆగిపోయాడు. మేం చెయ్యి ఊపాం. ఆయనా ఊపాడు. కుక్క మాత్రం ఊరుకోలేదు.

“బల్బ్స్ ఏమో, మమ్?” అంది మా అమ్మాయి, ఆయాసపడుతూ.

“బల్బులెట్లయితయే? అవే బల్బులు వంటింట్ల కన్నార్పకుండ వెలుగుతున్నయి.”

ఆ బల్బులంటే నాకు ప్రేమ. కిందటి ఎండాకాలం హైదరాబాద్‌లో డజను కొని, అట్టపెట్టెతో సహా చీర మడతల్లో చుట్టి, సూట్‌కేసులో తెచ్చుకున్నాను. ఈ ఇంట్లో పాతవాళ్లు వదిలేసినవి పచ్చకామెర్లు వచ్చినట్టుండేవి. రెండు వారాలు ఓర్చుకుని పీకేశాను. ఇక్కడి హోల్డరు కూడా మన దగ్గరలాగే నొక్కి తిప్పేదే. హైదరాబాద్ బల్బు టక్కున పట్టేసరికి ఇంగ్లండ్ మీద మ్యాచ్ గెలిచినంత సంబరపడ్డాను.

శనివారం వచ్చిన ఎలక్ట్రీషియన్ తలంతా నెరిసిన ఇంగ్లీషాయన. గుమ్మంలో మా చెప్పుల వరస చూసి తనూ బూట్లు విప్పాడు. మెట్ల కింద ఫ్యూజు పెట్టె తెరిచి, మీటరు పెట్టి, ఈలవేసుకుంటూ అరగంట పరీక్షించాడు. నేను వెనకే నిలబడి మొదటి టీ ఇచ్చాను. ఆఖరికి పెట్టె మూసి, వైరింగ్ తన సొంతింటికంటే బాగుందన్నాడు.

మావారి వైపు చూశాను. ఆ చూపు ఇంకా దాచుకున్నాను, పండగలకి తీస్తుంటాను.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. “మరి లైటెందుకు అలా ఏడుస్తోంది? మీరు సరిగ్గా చూశారా?” అని గట్టిగానే అడిగాను. పార్టీల్లో ‘అరుపు’గా చలామణీ అయ్యేది ఇదే. ఆయన లైటు ఆపి, బల్బు చల్లారనిచ్చి, విప్పి, కళ్లజోడు పెట్టుకుని తిరగేశాడు.

“ఇదెక్కడిది, లవ్?” అన్నాడు. మనం ‘అమ్మా’ అన్నట్టు ఇక్కడివాళ్లు ‘లవ్’ అంటారు.

“హైదరాబాద్.”

“చాలా దూరమే వచ్చింది పాపం,” అన్నాడు మర్యాదగా.

ఆ గుండ్రటి స్విచ్చుని డిమ్మర్ అంటారట. నా బల్బులు దానితో పనిచేసే రకం కావట. వంటింట్లో మామూలు స్విచ్చు కాబట్టి అక్కడ బుద్ధిగా ఉన్నాయట. ఆయన తన వ్యాన్‌లోంచి మూడు బల్బులు తెచ్చి పెట్టి, స్విచ్చు తిప్పాడు. గది సాయంత్రమంత మెత్తగా చీకటిపడి, మళ్లీ తెల్లవారింది. ఒక్క రెప్పపాటు లేదు. అప్పుడు చెప్పాను క్షమాపణ. దాని వెంటే రెండో టీ, నాలుగు సకినాలు. ఆయన రెండు తిని, రెండు జేబులో వేసుకున్నాడు.

ఇల్లు గెలిచింది, నా ఫిజిక్స్ ఓడింది. ఇల్లుంటే నాకు చాలు. కానీ నెల తర్వాత సెలోటేప్ కోసం మావారి సొరుగు వెతికితే ఆ హైదరాబాద్ బల్బుల అట్టపెట్టె దొరికింది. ఆయన వారంటీ కోసమని ఏ పెట్టే పారేయరు. పైన రాసిందంతా మొదటి నుంచి చివరిదాకా చదివి, ముఖ్యమైన వాటికింద నీలం పెన్నుతో గీస్తారు. ఈ పెట్టెమీద ఒకే ఒక్క మాటకింద గీత ఉంది, రెండు వరసలు: డిమ్మర్‌తో వాడకూడదు.

“ఇదెప్పుడు గీసిన్రు?”

“అంతా అయినంక,” అన్నారు ఆ రోజు. మర్నాడడిగితే “యాదికి లేదు” అన్నారు. ఇప్పుడడిగితే నవ్వి, ఎవరో ఒకరికి నా అరుపు కథ అందుకుంటారు. కథ నడిచినంతసేపూ నా ప్రశ్న పక్కకు పోతుందని ఆయనకు తెలుసు. అందుకే అచ్చులో అడుగుతున్నాను: దీపం కింద నిలబడి “కొట్టుకుంటుంది, కొట్టుకుంటుంది” అని భుజాలెగరేసిన రోజుకి ఆ నీలం గీత పెట్టెమీద ఉందా, లేదా?