నాలుగింటికల్లా వస్తుందని చెప్పాను

ఆదోనిలో నా టికెట్ల దుకాణానికి నిన్న సున్నం వేయించాను. తడి సున్నం వాసన తగలగానే ఇస్మాయిలన్న గుర్తొచ్చాడు. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా ఉన్న తన ట్రావెల్స్ గోడలకు ఏటా ఆయనే సున్నం కొట్టుకునేవాడు. డిగ్రీ అయ్యాక, ఇంట్లో మగ్గం మీద కూర్చోవడం ఇష్టం లేక నేను మొదట పనికి చేరింది ఆయన దగ్గరే.

చేరిన మూడో నెలలో, ఆయన నమాజుకు వెళ్లిన సమయంలో, దేవదాసు అనే కూలీ వచ్చాడు. భార్య ఆ మధ్యాహ్నమే చనిపోయిందట. కూతురు మరియమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. మర్నాడు పొద్దున ఆరింటి హైదరాబాదు విమానంలో ఆమెకు సీటు దొరికింది.

"మా బిడ్డ ఇల్లు ఎన్నింటికి చేరుతాది పాపా?" అని అడిగాడు.

ప్రయాణం నాలుగున్నర గంటలని కంప్యూటరు తెర మీద ఉంది. దానికి హైదరాబాదు నుంచి కారులో ఐదు గంటలు కలిపి, నాలుగింటికల్లా వస్తుందని చెప్పాను. ఆరు అన్నది కువైట్ టైమనీ, అప్పటికి మనకు ఎనిమిదిన్నర అవుతుందనీ నాకు తట్టలేదు. దిగే వేళ ఆ పక్కనే ఉన్నా చూడలేదు. పాస్‌పోర్టు ముద్రకూ సామానుకూ వరసలో నిలబడే సమయమూ కలపలేదు.

మరియమ్మ ఫోను ఇక్కడికి వచ్చాక పనిచేయలేదు. నాలుగు దాటినా రాకపోయేసరికి ఆమెకు విమానం అందలేదనుకున్నారు. హాలహర్వి నుంచి వచ్చిన బంధువులు ఎండకు శవం ఆగదన్నారు. పొద్దు గూకే వేళకు పూడ్చిపెట్టారు. ఆమె కారు ఎనిమిది దాటాక వచ్చింది.

సంగతి తెలిసిన పొద్దునే ఇస్మాయిలన్న దుకాణం మూసి నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. "తప్పు మాదేనమ్మా. టైము మేమే తప్పు సెప్పినాం" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నేనే ఉండలేక, చెప్పింది నేనని అన్నాను.

మరియమ్మ నా వైపు తిరిగింది. "కార్లో వచ్చినంతసేపూ అమ్మ మొగం చూస్తాననే అనుకుంటాంటి" అంది.

తిరిగి వచ్చాక అన్న నన్ను తిట్టలేదు. కాగితం ఇచ్చి ఆ లెక్క మళ్లీ వేయమన్నాడు. "నువ్వు సెప్పింది విమానం టైము. ఆయప్ప అడిగింది బిడ్డ టైము" అని మాత్రం అన్నాడు.

పదిహేను రోజులకు మరియమ్మ తిరుగు టికెట్టుకు వచ్చింది. అన్న దగ్గరికి పోతుందనుకుంటే నా ఎదురుగానే కూర్చుంది.

"నువ్వే రాసియ్యి. ఇంటికాడ ఎన్నింటికి లేయల్లనో ఆడినుంచి రాయి."

కర్నూలు బస్సు, హైదరాబాదు బస్సు, విమానాశ్రయంలో వరసలు, అక్కడి టైము, ఇక్కడి టైము, అన్నీ రాశాను. సరిచూడమని ఆ కాగితాన్ని అన్నకు ఇచ్చాను. ఆయన చదవకుండానే మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఎవరైనా ఎంతసేపు పడుతుందని అడిగితే, ఎందుకు పోతున్నారో ముందు అడుగుతాను. చావుకని చెబితే, లెక్కను మొదటి నుంచి ఇంకోసారి వేస్తాను. అప్పటికీ ఆ గంటను నోటితో చెప్పను, కాగితం మీద రాసి వాళ్ల చేతిలో పెడతాను.