జీపులో సామి పటం

చిత్తూరులో పాత జీపు కొనడానికి పోతున్నానని, తిరుపతిలో ఎక్కిన ఎర్రబస్సులో పక్క సీటాయనతో నోరు జారాను.

"యాక్సిడెంటు కాలేదంటాండారా?" అన్నాడాయన.

"కాలేదనే చెప్పినారు."

"డ్రైవరు ముందర సామి పటం సూడప్పా. పాత బండిలో కొత్త పటముంటే నమ్మొద్దు. గుద్దుకుని పటం అద్దం పగిల్తే తప్ప సామిని ఎవురూ మార్చరు."

తన జీపేదో నాకు అంటగట్టే బ్రోకరనుకుని మొహం తిప్పుకున్నాను. ఆయన పూతలపట్టులో దిగి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

చిత్తూరులో చూస్తే జీపు రంగు వెలిసిపోయింది. లోపల వెంకన్న పటం మాత్రం తళతళలాడుతోంది.

"పటం ఎప్పుడు మార్చినారు?" అని అడిగాను.

ఓనరు నవ్వి, "ముందు టీ తాగుదాం రాన్నా" అన్నాడు.

తాగకుండానే తిరుగు బస్సెక్కాను.

ఇప్పటికీ ఎవరి బండెక్కినా ముందు పటం అద్దం చూస్తాను. దండం ఆ తర్వాతే.