రెండో గుమ్మడికాయ

కళ్యాణదుర్గం తిప్పేస్వామికి ఉన్నది ఒక్కటే జబ్బు. కంప్యూటర్లో ప్రోగ్రాం చెడిపోయిందని ఎవరైనా పిలిస్తే, వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోడు. చెడిపోయే ముందు ఎవరెవరు ఏమేం చేశారో అదంతా వాళ్లచేత మళ్లీ చేయిస్తాడు. నోటితో చెబితే ఒప్పుకోడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది మొదలు చేసి చూపించాల్సిందే. "మళ్లా మొదట్నుంచీ రాప్పా" అనేది అతని మొదటి మాట. సగం కేసుల్లో చివరి మాట కూడా అదే.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకరోజు పొద్దున ఉగ్గానిలో ఉప్పు తక్కువైంది. తిప్పేస్వామి పళ్లెం పక్కన పెట్టి, "యాడ మర్చిపోయినావో చూద్దాం. బొరుగులు నానబెట్టిన కాడ్నుంచీ మళ్లా చెయ్యి ఈశ్వరీ" అన్నాడు. ఈశ్వరి గరిటె కింద పెట్టలేదు. "బొరుగుల కాడ్నుంచీ ఎందుకప్పా, పెళ్లిచూపుల కాడ్నుంచే మొదలు పెడదాం. ఈసారి నేను వద్దంటా" అంది. తిప్పేస్వామి పైన ఉప్పు చల్లుకుని తిన్నాడు. అతని చరిత్రలో మొదటి నుంచీ మొదలుపెట్టకుండా తెమిలిన సమస్య అదొక్కటే.

ఈ మనిషి పేరు చెబితే రాయదుర్గంలో ఒక్కరికి మాత్రం ఒళ్లు మండేది. ఆయన సోమశేఖర్. ఇద్దరూ బళ్లారిలో ఒకే సెంటర్లో, ఒకే బెంచీ మీద విజువల్ బేసిక్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. పరీక్షలో సోమశేఖర్ ఫస్టు, తిప్పేస్వామి సెకండు. ఈ సంగతి తిప్పేస్వామి ఎప్పుడో మరచిపోయాడు. సోమశేఖర్ మరవలేదు, ఊళ్లో ఎవరినీ మరవనివ్వలేదు. బస్టాండు ముందు కంప్యూటర్ సెంటర్ పెట్టి, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి, లోపలికొచ్చే వాళ్ల కంట పడేలా గోడకు తగిలించాడు.

రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్లలో, శెనక్కాయల మిల్లుల్లో నడిచే ప్రోగ్రాములన్నీ సోమశేఖర్ రాసినవే. అయినా వాటిలో ఏదైనా మొరాయిస్తే జనం నాలుగడుగులు వేసి అతని దగ్గరికి రారు. ఫోను తీసి కళ్యాణదుర్గానికి కొడతారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని పెద్దలు ఊరికే అన్లేదు. రాసింది తను, పిలిచేది వాణ్ణి! తిప్పేస్వామి బస్సు దిగి, చంకన గుడ్డసంచితో సెంటర్ ముందు నుంచి నడిచిపోతూ "బాగుండావా సోమూ" అని పలకరిస్తే, సోమశేఖర్‌కి ఆ పూట అన్నం సయించేది కాదు.

నిజానికి ఆ పద్ధతి తిప్పేస్వామి సొంతం కూడా కాదు. బళ్లారి మాస్టారు మొదటి వారమే ఇద్దరికీ చెప్పాడు: తప్పు ఒకసారి కనబడి మాయమైతే పట్టుకోలేం, ముందు దాన్ని మళ్లీ రప్పించాలి, అప్పుడే అది చేతికి చిక్కుతుంది. మాస్టారు చెప్పింది కీబోర్డు దగ్గర చేసే పని గురించి. చెప్పులు, స్కూటర్లు, వాకిళ్లు ఆయన లెక్కలో లేవు. తిప్పేస్వామి పాఠాన్ని కాస్తా వీధినాటకం చేశాడని సోమశేఖర్ గట్టి అభిప్రాయం.

సోమశేఖర్ పద్ధతి వేరు. గదిలోకి వస్తూనే కళ్లజోడు సర్దుకుని, "ఎవురు కెలికినారు దీన్ని?" అంటాడు. అక్కడున్న వాళ్లంతా ఒక్క గొంతుతో "మేమేం చేయలేదన్నా" అంటారు. ఆ తర్వాత సోమశేఖర్ సాయంత్రం దాకా వెతుకుతాడు.

ఓబుళేసు మిల్లులో సరిగ్గా ఇదే జరిగింది. శెనక్కాయల తూకాలు రాసే ప్రోగ్రాం తెరుచుకోవడం మానేసింది. సోమశేఖర్ వెళ్లి ఎవరు కెలికారని అడిగాడు, ఎవరూ కెలకలేదు. ప్రోగ్రాం మొత్తం తీసి మళ్లీ ఎక్కించాడు, పాత తూకాలన్నీ మాయం. "మా సెంటర్లో బాగనే నడుస్తాండాది కదా!" అన్నాడు. "అయితే ఈ కాయలన్నీ మీ సెంటర్‌కే తోలేదా?" అన్నాడు ఓబుళేసు. వెంటనే కళ్యాణదుర్గానికి ఫోను పోయింది.

తిప్పేస్వామి వచ్చి అందరినీ వాకిట్లోకి తోలాడు. "ఓబుళేసన్నా, పొద్దున స్కూటర్ మీద వచ్చినావు కదా? మళ్లా రా."

"ఇంటి కాడ్నుంచా?"

"వీధి మలుపు కాడ్నుంచి చాల్లే. హారన్ కొట్టినావా?"

"కొట్టినట్టుండాది."

"కొట్టినావా, లేదా?"

ఓబుళేసు హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. హమాలీలు మూటలు దించి మళ్లీ ఎత్తుకున్నారు. గుమాస్తా కుళ్లాయప్ప కూడా లేచి బయటికి రాబోతే, తిప్పేస్వామి తలుపు దగ్గరే ఆపాడు. "నువ్వు రాబాకు. లోపల సాక్షిగా ఒకరుండల్ల. నువ్వుండు." మిల్లు మిల్లంతా రెండోసారి తెల్లవారినట్టు నాటకమాడి లోపలికి వచ్చేసరికి ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంది, పాత తూకాలతో సహా. ఎదురు కొట్టంలో నిలబడి ఇదంతా చూసిన సోమశేఖర్‌కి కడుపు భగ్గుమంది. వాడు కీబోర్డు కూడా ముట్టుకోలేదే! అంతకంటే మండిన సంగతి ఇంకోటుంది. ప్రతి కేసులోనూ తిప్పేస్వామి ఎవరో ఒకరిని లోపల సాక్షిగా కూర్చోబెడతాడు. గుమాస్తాలను, కరెంటు పని చేసేవాళ్లను, ఒకచోట యజమాని బామ్మర్దిని కూడా కూర్చోబెట్టాడు. పరీక్షలో ఫస్టు వచ్చిన తనను మాత్రం ఒక్కసారి పిలవలేదు. సోమశేఖర్‌కి కుళ్లాయప్ప మీద కూడా అసూయ పుట్టింది.

అలాంటి సోమశేఖర్ జాతకం తిరగాల్సిన ఘడియ ఆయుధ పూజనాడు వచ్చింది. వరలక్ష్మమ్మ గారి జీన్సు యూనిట్‌కి అతను ఆ ఏడే కొత్త ప్రోగ్రాం రాశాడు. ఏ రోజు ఎన్ని మిషన్లు నడిచాయి, ఎన్ని ప్యాంట్లు కుట్టారు, సగటున ఒక్కో మిషన్‌కి ఎన్ని పడ్డాయి, అన్నీ అదే తేల్చి చెబుతుంది. ఆ ముచ్చట చూడడానికి మిగతా యూనిట్ల యజమానులను వరలక్ష్మమ్మ పూజకు పిలిచింది. వాళ్లకు నచ్చితే ఊరంతా అదే ప్రోగ్రాం. నచ్చకపోతే, బళ్లారి నుంచి ఇంకెవరో తెచ్చే ప్రోగ్రాం కొంటామని శివప్ప అనే యజమాని ముందే చెప్పేశాడు. అదే జరిగితే సోమశేఖర్ సెంటర్ మూసుకుని ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఇంటికి మోసుకుపోవాలి.

కుట్టుమిషన్లన్నింటికీ విభూతి, కుంకుమ, బంతిపూలు పెట్టారు. కంప్యూటర్‌కి కూడా పెద్ద బొట్టు పెట్టారు, దానికి వేసిన దండ సగం తెరను మూసేసింది. గుమ్మంలో బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. అంతా బాగానే ఉంది గానీ, ముందువరస కుర్చీలో బొరుగులు బొక్కుతూ తిప్పేస్వామి కూర్చున్నాడు. "నీ దోస్తు కదా సోమూ, నేనే పిలిచినా" అంది వరలక్ష్మమ్మ. సోమశేఖర్ పళ్లు బిగబట్టి నవ్వాడు.

ఆయుధ పూజనాడు మిషన్ తొక్కకూడదు. కానీ పూజ చేసిన వస్తువుకు బోణీ చేయకుండా వదలకూడదని వరలక్ష్మమ్మ పట్టు. "జయంతీ, ఈ పొద్దు లెక్క కొట్టు" అంది. ఆపరేటర్ జయంతి కీబోర్డు తాకి కళ్లకద్దుకుని దాని ముందు కూర్చుంది. తేదీ కొట్టింది. వివరాలు కొట్టింది. బటన్ నొక్కింది.

"ఆపరేటర్ మిస్టేక్" అని తెర మీద పడి, ప్రోగ్రాం మూసుకుపోయింది.

ఆ రెండు ముక్కలు సోమశేఖర్ రాసినవే. ప్రోగ్రాంలో లోపల ఏది చెడినా, ఎందుకు చెడినా, బయటికి ఆ ఒక్క మాటే వచ్చేలా పెట్టుకున్నాడు. తన ప్రోగ్రాంలో తనకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు అదే. "చూడండమ్మా, ప్రోగ్రామే చెప్తాండాది, తప్పు ఎవరిదో" అన్నాడు దర్జాగా.

"నేనేం చేయలేదన్నా" అంది జయంతి, కళ్లలో నీళ్లతో.

"లే, నేను కొడతా." సోమశేఖర్ కూర్చుని, అదే తేదీ, అవే వివరాలు, అదే బటన్ నొక్కాడు. తెర ఏమాత్రం మొహమాటపడకుండా అతన్ని కూడా "ఆపరేటర్ మిస్టేక్" అంది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"పండగపూట హారతిచ్చిన మిషన్ ఆగిపాయ" అని శివప్ప కండువా దులుపుకున్నాడు. "మాకొద్దప్పా ఈ ప్రోగ్రాం, అచ్చిరాదు." వరలక్ష్మమ్మ మొహం మాడిపోయింది. "జయంతీ, రేపట్నుంచి నువ్వు కంప్యూటర్ జోలికి రాబాకు" అంది. తర్వాత సోమశేఖర్ ఏ మాట వినకూడదనుకున్నాడో ఆ మాటే అంది. "తిప్పేస్వామీ, నువ్వు చూడప్పా."

భూమి బద్దలైతే బాగుండునని సోమశేఖర్‌కి అనిపించింది. తన ప్రోగ్రాం, తన ఊరు, తన పండగ, చివరికి చూసేది వాడు!

తిప్పేస్వామి బొరుగులు జేబులో పోసుకుని లేచాడు. "పాపా, ఇందాక ఏం కొట్టినావో మళ్లా కొట్టు" అని జయంతి వెనక నిలబడ్డాడు. ఆమె కొట్టింది. నడిచిన మిషన్లు సున్నా, కుట్టిన ప్యాంట్లు సున్నా. తిప్పేస్వామి ఒక్క క్షణం దండ పక్కకు జరిపి చూశాడు. అంతే, వెనక్కి తిరిగి చేతులు తట్టాడు. "అందరూ బయటికి రండప్పా! పూజ మళ్లా మొదట్నుంచీ!"

పూజారి గయ్యిమన్నాడు. "ఏమప్పా, దేవునితో ఎగతాళా? నాకు ఇంకా పూజలుండాయి."

"తప్పు యాడ పడిందో చూడల్ల కదా స్వామీ. సంకల్పం కాడ్నుంచి రండి."

"గుమ్మడికాయ ఇంగొకటి లేదే!" అంది వరలక్ష్మమ్మ.

"పక్క యూనిట్లో అడగండమ్మా. కాయ లేకుంటే దిష్టి యాడికి పోతుంది?"

జనం నవ్వుకుంటూ, గొణుక్కుంటూ బయటికి నడిచారు. జయంతి కంప్యూటర్ పక్కనే నిలబడిపోయింది, సాక్షిగా తననే ఉంచుతారనుకుని. తిప్పేస్వామి హారతి పళ్లెం ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు బయటికి రా తల్లీ. సాక్షిగా సోమశేఖర్ ఉంటాడు."

సోమశేఖర్‌కి చెవుల్లో ఆ మాట గుయ్యిమంది. ఇన్నాళ్లూ ఎంతో ఆశపడిన ఉద్యోగం దొరికింది. దొరికాక గానీ అదేమిటో తెలియలేదు. కుళ్లాయప్ప, కరెంటు పనివాళ్లు, ఆ బామ్మర్ది... సాక్షులందరూ ఒక్కొక్కరే కళ్ల ముందుకు వచ్చారు. వాళ్లు సాక్షులు కారు, ముద్దాయిలు!

తిప్పేస్వామి తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే మెల్లగా అన్నాడు. "ఈ పొద్దు మిషన్లు నడవలేదు సోమూ. నువ్వు సగటు తీసేటప్పుడు దేంతో భాగిస్తాండావో చూసుకో. కాయ పగిలేదానికి టైము పడుతుంది. నేను పట్టిస్తాలే."

సున్నాతో భాగించమంటే ఏ కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది. మామూలు సెలవుల్లో మిషన్లతో పాటు కంప్యూటర్ కూడా పడుకుంటుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. మిషన్లు ఆగి కంప్యూటర్ నడిచే రోజు రాయదుర్గంలో ఏడాదికి ఇదొక్కటే. ప్రోగ్రాం రాసింది ఆ కంప్యూటర్లోనే కాబట్టి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది. మిషన్లు సున్నా అయితే భాగించొద్దని సోమశేఖర్ ఒక్క వరస చేర్చాడు. బయట తిప్పేస్వామి గొంతు వినబడుతోంది. "స్వామీ, ఇందాక మీరు తుమ్మినారు కదా, ఆ తుమ్మేది?" "అమ్మా, మీరు ఎడమపక్క నిలబడినారు!" "శివప్పన్నా, నువ్వు గేటు కాడ్నుంచి మళ్లా రా!"

పని అయిపోయినా సోమశేఖర్ లేవలేదు. "ఆపరేటర్ మిస్టేక్" అన్న ముక్కలు చూస్తే సిగ్గేసింది. వాటిని చెరిపేసి, "సోమశేఖర్‌కి ఫోన్ చెయ్యండి" అని రాశాడు. అప్పుడు గుమ్మంలో రెండో గుమ్మడికాయ ఫట్టున పగిలింది.

అందరూ లోపలికి వచ్చారు. జయంతి కొట్టింది, లెక్క తేలింది. చప్పట్లు మోగాయి. "ఎంతైనా తిప్పేస్వామి చెయ్యే చెయ్యి" అంది వరలక్ష్మమ్మ. "నేనేం ముట్టుకోలేదమ్మా. సోమూ ప్రోగ్రాం బంగారం. దానికి ఒక్క కాయ చాలదు, అంతే" అన్నాడు తిప్పేస్వామి. జయంతి కుర్చీ జయంతికే ఉండిపోయింది. శివప్పతో సహా యజమానులంతా ప్రోగ్రాం తీసుకున్నారు. ఆ యూనిట్లన్నింటిలో ఇప్పటికీ ఆయుధ పూజనాడు కుట్టుమిషన్లకు ఒక గుమ్మడికాయ, కంప్యూటర్‌కి రెండు పగలగొడతారు.

సోమశేఖర్ తిప్పేస్వామిని సాగనంపడానికి బస్టాండు దాకా నడిచాడు. దారిలో, "ఓబుళేసు మిల్లులో కుళ్లాయప్ప ఏం చేసినాడప్పా?" అని అడిగాడు.

"ఏ కుళ్లాయప్ప? నాకు గుర్తు లేదు సోమూ."

అబద్ధం! ఆ అబద్ధం ఎంత తేలిగ్గా ఆడాడో చూసి సోమశేఖర్‌కి మళ్లీ అసూయ కలిగింది. ప్రోగ్రాం రాయడంలో అయితే పోటీ పడొచ్చు, దీంట్లో ఎట్లా పడేది?

కళ్యాణదుర్గం బస్సు హారన్ కొట్టింది. తిప్పేస్వామి మెట్టు మీద కాలు పెట్టి, చంక తడుముకుని, దిగిపోయాడు. "నా సంచి యాడ?"

"యూనిట్లో మర్చిపోయినట్టుండావు. పద, మళ్లా మొదట్నుంచీ నడుద్దాం" అన్నాడు సోమశేఖర్, వెనక్కి తిరిగి రెండడుగులు వేసి. మూడో అడుగులో అతని చేతికి బరువు తగిలింది. యూనిట్ గేటు దగ్గర మర్యాదకని అందుకున్న సంచి తన చేతిలోనే వేలాడుతోంది.

తిప్పేస్వామి అప్పటికే అటు తిరిగి బస్సు బోర్డు మీద అక్షరాలు శ్రద్ధగా చదువుతున్నాడు. సోమశేఖర్ చప్పుడు కాకుండా సంచిని బస్టాండు బెంచీ మీద పెట్టాడు.

"ఈడే ఉండాది కదప్పా!" అన్నాడు తిప్పేస్వామి అప్పుడు తిరిగి, సంచి అందుకుని బస్సెక్కుతూ.