ఇంటాయన కనపడని ఇల్లు

మా ఇల్లు తొందరగా అమ్ముడుపోవాలంటే ముందు అందులోంచి తీసెయ్యాల్సింది మా ఆయన్ని అని బ్రోకరు తేల్చాడు. ఆ మాట అలాగే అనలేదు, పాపం. వరండాలో నిలబడి ఇల్లంతా ఒకసారి కలియజూసి, గొంతు తగ్గించి, "అక్కా, సూడొచ్చినోళ్ళ కంట అన్నను పడనీయొద్దు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం జెయ్యమంటావప్పా ఆయన్ను, మడిచి అటక మీద పెట్టమంటావా?"

"కోపం జేసుకోవద్దక్కా. ఇల్లు సూసేటోళ్ళు గోడలు సూడరు. కలిసొచ్చిన ఇల్లా కాదా అని సూస్తారు. జబ్బుమనిషి కనపడినాడనుకో, ఈ ఇల్లు వీళ్ళకు అచ్చిరాలేదు అనుకుంటారు. మల్ల వాళ్ళు రారు, ఇంకొకర్నీ రానీరు."

తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఈ స్థలం కొనేటప్పుడు నేనూ అదే అడిగాను కదా, అమ్మేవాళ్ళకు ఇది కలిసొచ్చిందా అని. పైగా అతనిది తప్పు అని రుజువు చేసే ఓపిక నాకు లేదు, ఇల్లు అమ్ముడుపోవడం కావాలి.

మా ఆయన డోన్‌లో లారీ బుకింగ్ ఆఫీసులో పనిచేసినంత కాలం చేసి, కూడబెట్టినదంతా పెట్టి ఈ ఇల్లు కట్టించాడు. తర్వాత రెండు కిడ్నీలూ చెడిపోయాయి. గుండె కూడా బలహీనంగా ఉంది, పెద్ద డాక్టర్లున్న చోటే డయాలసిస్ చేయించండి అన్నారు. అంటే కర్నూలు. వారానికి మూడుసార్లు పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోయేది. ఒకసారి తిరిగొస్తుంటే వెల్దుర్తి దాటాక ఆయన బస్సులోనే కళ్ళు తేలేశాడు. ఆయన పక్క సీటులో ఉన్నామె కేక వేస్తే చూశాను. బస్సు ఆపించి, రోడ్డు పక్కన వేపచెట్టు కింద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి పట్టుకున్నాం. ఈ విషయం విని డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇంత దూరం తిప్పొద్దమ్మా, ఒకరోజు దారిలోనే పోతాడు" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకొని బతికాను.

ఆసుపత్రి వెనక వీధిలో ఒక చిన్న ఇల్లు చూసుకున్నాం. మెట్లు లేవు. నడిచి పోయేంత దూరం. దాని యజమాని ఎండాకాలం గడిచేదాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళకిచ్చేస్తానన్నాడు. ఈ ఇల్లు అమ్మితేనే ఆ ఇల్లు. పోనీ ఇది అద్దెకిచ్చి అక్కడ అద్దెకుందామా అంటే, డోన్‌లో వచ్చే అద్దెకు కర్నూలులో మెట్ల కింద గది కూడా దొరకదు.

బ్రోకరు తన ఫోన్‌లో వీడియోలు చూపించాడు, ఇల్లు త్వరగా అమ్ముడుపోవాలంటే ఎలా సర్దాలో. ఆ ఇళ్ళల్లో మనుషులు బతుకుతున్న గుర్తే లేదు. ఒక సోఫా, ఒక పూలకుండీ, గోడకొక బొమ్మ. అన్నం ఎక్కడ వండుకుంటారో, తడిబట్టలు ఎక్కడ ఆరేసుకుంటారో దేవుడికే తెలియాలి. అయినా చేశాను. క్యాలెండర్లన్నీ తీసేశాను. మందుల అట్టపెట్టెలు బియ్యం డబ్బాల వెనక్కి పోయాయి. రోజూ బరువు చూసుకునే మిషన్ బీరువా కిందికి పోయింది. ఆయన కమోడు కుర్చీని దొడ్లో పెట్టి గోనెపట్టా కప్పాను. నేల మీది బేతంచెర్ల బండలు కడిగి, నూనెగుడ్డతో తుడిస్తే అద్దంలా మెరిశాయి. అంతా అయ్యాక ముక్కుతో వెతికాను. మందుల వాసన, స్పిరిటు వాసన ఎక్కడో ఉన్నట్టే అనిపించేది. ఒక పొయ్యి మీద కాఫీ డికాషన్, ఇంకో మూల సాంబ్రాణి. ఇల్లు ఒకవైపు హోటలు, ఒకవైపు గుడి.

నడవ గోడకు నడుమెత్తున ఒక జిడ్డుచార ఉండేది. ఆయన బాత్‌రూముకు పోతూ చెయ్యి ఆనించే చోటు. రంగు వేయించాం. ఆరిందో లేదో మళ్ళీ పడింది. "గోడ పట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పల్లప్పా నీకు!" అని అరిచాను. ఆ తర్వాత ఆయన రెండు చేతులూ గాలిలో పెట్టుకొని, తాడు మీద నడిచే దొమ్మరివాడిలా నడవడం మొదలుపెట్టాడు. ఆ నడక చూసి నా నోటిని నేనే తిట్టుకున్నాను. అయినా గోడ పట్టుకో అని మాత్రం అనలేదు.

ఇక ఆయన్ని ఎక్కడ ఉంచడం? పక్కింట్లో కూర్చోబెడదామంటే, కొనేవాళ్ళు ముందు ఆరా తీసేది పక్కింట్లోనే. రైల్వేస్టేషన్ అన్నాడు బ్రోకరు. ఫ్యాను ఉంటుంది, బెంచీ ఉంటుంది. "స్టేషన్‌లో కూసున్న మనిషిని ఎందుకు కూసున్నావని ఎవురూ అడగరక్కా." నేను ఆయనకు ఎలా చెప్పాలా అని నీళ్ళు నములుతుంటే ఆయనే, "సరేలే, రైళ్ళు సూసుకుంటా కూసుంటా" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నందుకు నాకు ఎంత తేలికైందో చెప్పలేను.

ఎవరైనా వస్తున్నారని ఫోన్ రాగానే ఇస్త్రీ చొక్కా తొడిగేదాన్ని. డయాలసిస్ సూదులు గుచ్చే చోట ఉబ్బిన చేతి నరం కనపడకుండా పొడుగు చేతుల చొక్కా. ఆటో ఎక్కించేదాన్ని. వాళ్ళు పోగానే మిస్డ్ కాల్ ఇస్తే ఆయన వచ్చేయాలి. ఇదీ ఏర్పాటు.

వచ్చినవాళ్ళలో ఎన్ని రకాల మనుషులో! ఒకాయన దిక్సూచి పట్టుకొని వంటగదిలో గిరగిరా తిరిగాడు. ఒకావిడ మా ఫ్రిజ్ తెరిచి చూసింది. "ఫ్రిజ్ అమ్మడం లేదమ్మా" అన్నాను. బ్రోకరు నా మోచెయ్యి గిల్లాడు. అందరూ కొళాయిలు తిప్పేవాళ్ళు, నీళ్ళు వస్తే తలాడించేవాళ్ళు. పోయే ముందు మాత్రం ఒకే మాట. "ఇంటాయన యాడమ్మా?" క్యాంపు పోయినాడు అని చెప్పేదాన్ని. ఒకసారి బళ్ళారి, ఒకసారి హైదరాబాదు. నోటికొచ్చిన ఊరు. వాళ్ళు సరే అని తలూపి, మళ్ళీ చెప్తామని పోయేవాళ్ళు. మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

నాకు భయం పట్టుకుంది. వాసన వచ్చి ఉంటుందా? గోనెపట్టా కింద కుర్చీ కనపడిందా? ఇంకొంచెం సాంబ్రాణి వేసేదాన్ని. ఒకసారి ముందుగది రంగే మార్పించాను. రోడ్డు మీద ఎవరి బండి ఆగినా కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆ భయంకన్నా పెద్ద భయం స్టేషన్‌లో ఉంది. ఆయన రోజుకు తాగే నీళ్ళు సీసాతో కొలిచి ఇవ్వాలి. అంతకు మించితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మా డోన్ ఎండలో ఎవరికి నాలుక పిడచకట్టదు? బెంచీ పక్కనే కొళాయి. ఆటో దిగగానే నేను అడిగే మొదటి ప్రశ్న, "నీళ్ళు తాగితివా?" "లేదే, పుక్కిలించి ఊంచినా" అనేవాడు. నమ్మాలో లేదో తెలియక, బీరువా కింద నుంచి మిషన్ లాగి బరువు చూసేదాన్ని.

అలా ఎండలు ముదిరిపోయాయి. కర్నూలు ఇంటి యజమాని ఫోన్ చేసి, ఇంకెవరో అడుగుతున్నారని చెప్పాడు.

ఆ తర్వాతే ఓర్వకల్లు వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. కొడుకుది డోన్‌లో రైల్వే ఉద్యోగం. కొడుకూ కోడలూ ఉండటానికి ఇల్లు వెతుకుతున్నాడు. ఒకసారి చూసి వెళ్ళి, కోడలిని వెంటబెట్టుకొని మళ్ళీ వచ్చాడు. రెండోసారి వచ్చినవాళ్ళు వీళ్ళొక్కరే. మా ఆయన్ని ఎప్పటిలాగే పంపించేశాను.

కోడలు వంటగది చూసింది, మేడ మీదికి పోయి వచ్చింది, దొడ్లో చూసింది. ఇల్లు నచ్చినట్టే ఉంది ఆ పిల్ల మొహం. పెద్దాయన మాత్రం ఏమీ చూడలేదు. ముందుగదిలో కుర్చీలో కూర్చొని గేటు వైపే చూస్తున్నాడు. కాఫీ ఇచ్చాను, తాగాడు. మజ్జిగ ఇచ్చాను, తాగాడు. లేవడే! మిట్టమధ్యాహ్నమైంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నా చేతిలో ఫోన్ చెమటకు జారిపోతోంది. మిస్డ్ కాల్ ఇవ్వలేను, ఇస్తే ఆయన వచ్చేస్తాడు. ఇవ్వకపోతే ఆ వడగాలిలో... కొళాయి పక్కన...

"ఏమ్మా," అన్నాడు పెద్దాయన. "పోయినసారి వస్తే ఇంటాయప్ప బళ్ళారి పోయినాడంటివి. ఈపొద్దు హైదరాబాదు అంటాండావు. ఎప్పుడొస్తాడు?"

"వస్తాడు."

"ఈపొద్దే వస్తాడా? వచ్చేదాకా కూసుంటాంలే. మాకేం తొందర లేదు."

అంతే. నాలో ఏదో తెగిపోయింది.

"ఆయన యాడికీ పోలేదు! ఈన్నే స్టేషన్‌లో కూసోనుండాడు. కిడ్నీలు పోయినాయి ఆయనకు. కనపడితే మీరు కొనరని నేనే పంపించినా. ఈ ఎండకు ఆడ ఏమైనాడో ఏమో, నేను పోతాండా. కొంటే కొనండి, లేకుంటే పోండి!"

బ్రోకరు తల పట్టుకున్నాడు. పెద్దాయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు.

"జబ్బు సంగతి మాకు మొదట్నాడే తెలుసు తల్లీ. మీ వీధి మొగదల అంగట్లో చెప్పినారు."

"తెలిసీ ఎందుకు కూసోనుండారు మల్ల?"

"ఆయప్పను సూడల్లనే. ఇల్లు ఆయప్ప పేరు మీద ఉండాది. ఎవురొచ్చినా మనిషి కనపడడంట. జబ్బు మనిషిని యాడనో పెట్టి ఆయమ్మ ఇల్లు అమ్ముకుంటాంది అంటాండారు ఊర్లో. జబ్బులు ఎవురింట్లో లేవమ్మా? ఇంటాయన నోటితో తీసుకోండి అనకుంటే, ఈ ఇంట్లో మేము పాలు పొంగిచ్చుకునేదెట్ల?"

నా నెత్తిన ఎవరో చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. వచ్చినవాళ్ళంతా పారిపోయింది మందుల వాసనకు కాదు. నాకు భయపడి.

బ్రోకరు బండి వెనక కూర్చొని స్టేషన్‌కు పోయాను. ఎప్పుడూ కూర్చునే బెంచీ ఖాళీగా ఉంది. కొళాయి దగ్గర ఎవరూ లేరు. ప్లాట్‌ఫారం పొడుగునా పరుగెత్తాను, చెప్పు తెగినా ఆగలేదు. నీడ జరిగినకొద్దీ ఆయనా ఒక్కో బెంచీ జరుగుతూ పోయినట్టున్నాడు. చిట్టచివరి బెంచీలో తల మీద తడిగుడ్డ వేసుకొని, గోడకు ఆనుకొని ఉన్నాడు. పట్టుకొని కుదిపాను.

"పోయినారా?" అన్నాడు కళ్ళు తెరిచి. పెదాలు అంటుకుపోయి ఉన్నాయి.

"పోలేదు. నిన్ను సూడల్లంటాండారు."

"నన్నేం సూసేది? పెండ్లిచూపులా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక వీపు మీద ఒకటి చరిచాను.

ఇంటికి వచ్చాక ఆయన చెయ్యి గోడకు ఆనించి, మెల్లగా నడిచి వచ్చి, పెద్దాయన ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. గొంతు తడుపుకోమని కొంచెం నీళ్ళు ఇచ్చాను. పెద్దాయన ఆయన తాగేదాకా ఆగాడు.

"ఏమప్పా, ఇల్లు అమ్మేది నీకిష్టమేనా?"

ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తట్టలేదు.

"ఇష్టం లేదు పెద్దాయనా," అన్నాడు మా ఆయన.

బ్రోకరు గోడకు ఆనుకున్నాడు.

"నేను కట్టిచ్చుకున్న ఇల్లు. పోయేదేదో ఈన్నే పోవల్లని ఉండాది నాకు. ఇంట్లో ఉంటే ఆ మాట నోట్లో నుంచి యాడ వచ్చేస్తాదో అనే స్టేషన్‌లో కూసుంటాంటి. కానీ సూడు, బస్సులో నాకు సీటు ఇస్తారు, జబ్బుమనిషినని. ఈయమ్మకు ఎవురిస్తారు? కర్నూలు దాకా నిలబడే వస్తాది. మల్ల నిలబడే వస్తాది. నిద్రాపుకోలేక కమ్మీ పట్టుకోని తూగుతాది, బ్రేకు పడితే ఎవురిమీదనో పడి తిట్లు తింటాది. అది సూడలేను నేను. తీసుకోండప్పా ఇల్లు. నా నోటితోనే చెప్తాండా, తీసుకోండి."

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత కోడలితో, "అయ్యగారికి ఫోన్ జేసి మంచిదినం సూడమనమ్మా" అన్నాడు. బ్రోకరు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది.

నేను మాత్రం మా ఆయన్నే చూస్తున్నాను. బస్సెక్కి కూర్చోగానే ఆయన కళ్ళు మూసుకునేవాడు, దిగేదాకా తెరిచేవాడు కాదు. నిద్రపోతున్నాడులే, ఆ కాసేపైనా నన్ను చూసేవాళ్ళు ఎవరూ లేరు అనుకొని నేను తూగేదాన్ని.