మంద కదిలించవద్దన్న డాక్టరమ్మ

మా పశువుల డాక్టరమ్మ గుండెపోటుతో పోయారని మొన్న మంగళవారం ఆత్మకూరులో తవుడు కొట్టు దగ్గర విన్నాను. భుజానికెత్తుకున్న మూట మళ్ళీ దించేశాను. ఐదో తరగతితో ఆగిన చెయ్యి నాది, రాయడం సరిగా రాదు. అయినా ఒక మాట చెప్పాలి.

బాతులు మేపేవాళ్లం మేము. కోసిన మళ్ళలో గింజలు ఏరుకు తినడానికి మందను ఊరూరా తిప్పుతాం. నాలుగు బాతులు చస్తే నీళ్లు పడలేదంటాం, మరో చెరువుకు మార్చేస్తాం. మా నాయనా అంతే చేసేవాడు.

రెండేళ్ల కిందట నా బాతులు కళ్ళు నీరుకారి, మెడలు వాల్చి పడిపోతుంటే ఆమె వచ్చారు. దొడ్లోకి వచ్చేముందూ పోయేముందూ బ్లీచింగు నీళ్లతో బూట్లు కడుక్కునేవారు. అంత చదివినామె అలా వంగి కడుక్కుంటుంటే నాకు సిగ్గేసేది. బాతుల గొంతులో దూదిపుల్ల తిప్పి ఐసుపెట్టెలో దాచుకున్నారు. ల్యాబు నుంచి కబురొచ్చేదాకా మంద కదలకూడదన్నారు. తల ఊపాను. మర్నాడే లారీకెక్కించి జలదంకి పక్క చెరువుకు చేర్చాను. నెల తిరక్కుండా అక్కడ ఇంకొకాయన మందంతా పోయింది.

తర్వాత ఆమె కాగితాలతో వచ్చారు. వైరస్‌కూ ఒక రాత ఉంటుందట, దాన్ని మొదట్నుంచి చివరిదాకా అక్షరం అక్షరం చదివారట. ఇంటిపేరు పాత బాతుల తెగులుదేనట గానీ, కొమ్మ వేరట. మన టీకా దాన్ని ఏమాత్రం ఆపుతుందో తెలియదన్నారు. నా బాతు కాగితం, జలదంకి బాతు కాగితం పక్కపక్కన పెట్టారు.

"రెండూ ఒకటే రాత పెద్దాయనా. నీళ్లు కాదు, నువ్వు మందను తోలుకుపోయిందే చంపింది. ఇంకెప్పుడూ కదిలించబాక."

తల ఊపాను.

"నీ తల ఊపుడు చూసినాలే. నోటితో చెప్పు."

చెప్పలేకపోయాను. ఆ మంద ఎవరి వల్ల పోయిందో ఊళ్ళో ఆమె ఎవరికీ చెప్పలేదు. నా వల్లే. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

నిన్న పొద్దున నా మందలో మూడు బాతులు మెడలు వాల్చాయి. ఆస్పత్రికి ఫోన్ చేస్తే కొత్త డాక్టరు ఇంకా రాలేదన్నారు.

"ఏందయ్యా చూస్తా ఉండావు, లారీ పిలువు," అంది మా ఆవిడ.

"కదిలించను," అన్నాను. నోటితోనే.

బాతుల్ని దొడ్లో పెట్టి తడిక బిగించాను. వాకిట్లో బ్లీచింగు బకెట్టు పెట్టాను. తలెత్తేసరికి, ఇన్నాళ్లూ నా మందతో కలిసి మేసిన అడవిబాతులు చెరువులోంచి లేచాయి. ఒక చుట్టు తిరిగి, జలదంకి వైపు బారుగా వెళ్లిపోయాయి.