తోడుపెట్టిన నీళ్లు

కొల్లేటి చుట్టుపక్కల పుట్టినవాళ్లకి చేపల గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఈ మాట గర్వంగా అనడం లేదు, ఒళ్లు మండి అంటున్నాను. ఏలూరులో మా హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నప్పుడు నాకు సలహా ఇవ్వని మనిషి లేడు. పాలు పోసే ఆయన సున్నం చల్లమన్నాడు. ఎదురింటావిడ తవుడు వెయ్యమంది. ఎవరిని కదిపినా ఒకటే ప్రశ్న: "ఎంత సైజు వస్తాయండీ?" వేలెడంతకి మించి పెరగవండీ అంటే, నన్నెవరో నిలువునా మోసం చేసినట్టు జాలిగా చూసేవాళ్లు.

ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వెలుస్తున్న రోజులవి. విశాఖపట్నంలో మా పిన్ని కూతురింట్లో అలాంటి గాజుపెట్టె చూసి వచ్చాను. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు వేసుకుని రెండు చేపలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతున్నాయి. అత్తవారింట్లో చేప అంటే పులుసు, లేకపోతే రేటు. తినడానికీ అమ్మడానికీ కాకుండా ఊరికే చూడ్డానికి ఒక చేప ఉండాలని నాకు పంతం పట్టుకుంది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో నాకంటూ నేను అడిగింది అదొక్కటే.

"నీ ఇష్టం" అన్నారు మా ఆయన. ఆయన తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ పిల్లలకి పాఠాలు చెప్పేవారు. పొద్దున్నే పాసింజరెక్కి తప్పించుకునేవారు. ఇంట్లో మాటలు పడడానికి నేను మిగిలేదాన్ని.

సముద్రపు ఉప్పు మద్రాసు నుంచి పార్సిల్లో తెప్పించాను. "కళ్లుప్పు వేస్తే నీళ్లు ఉప్పగా అవ్వవా?" అన్నారు అత్తయ్యగారు. కుళాయి నీళ్లు పనికిరావని మంచినీళ్ల క్యాన్లు దింపిస్తే ఇంకా కోపం వచ్చింది. "మనం కుళాయి నీళ్లు తాగుతున్నాం, ఇంకా పుట్టని చేపలకి క్యాన్ నీళ్లా?" అసలు గొడవ ఆ తర్వాత. చేపల మలినాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్లకి పట్టేదాకా చేపల్ని వదలకూడదు. వారాల తరబడి ఖాళీ నీళ్లనే మోటారుతో తిప్పుతూ ఉండాలి. చూడ్డానికొచ్చినవాళ్లు చేపలేవని వెతికి, లేవంటే నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. చివరికి విసుగెత్తి, "పాలు తోడుకోకుండానే పెరుగు వడ్డిస్తామా అత్తయ్యగారూ? ఇదీ అంతే" అన్నాను. ఆవిడకి ఆ మాట తెగ నచ్చేసింది. "మా కోడలు నీళ్లు తోడుపెట్టింది" అని చర్చిలో ఆడవాళ్లందరికీ చెప్పి నవ్వించారు.

ఎట్టకేలకు నారింజ చేపలు రెండు వచ్చాయి. బతికాయి. ఆవిడ వాటి వంక చూడనన్నారు గానీ, బైబిలు చదువుకునే కుర్చీ మాత్రం కిటికీ దగ్గర్నించి గాజుపెట్టె దగ్గరికి చేరింది. "నీ పిల్లలు తిన్నాయా?" అని రోజూ వెక్కిరింపుగా అడిగేవారు.

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. ఒక ఆదివారం మేం ముగ్గురం చర్చి నుంచి వచ్చేసరికి, పక్కింట్లో తాళంచెవి తీసుకుని హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు. గాజుపెట్టెలో నీళ్లు మట్టిరంగుకి తిరిగాయి. అందులో మూరెడు కొరమీను ఒకటి, తిరగడానికి చోటు చాలక గాజుకి మూతి కొట్టుకుంటోంది.

"బకెట్లోంచి దూకేస్తోందమ్మాయ్. వండేదాకా బతికుంటుందని మీ తొట్టిలో పోశాను" అన్నారు.

"ఉప్పునీళ్లండీ అవి!"

"కాసేపేగా!"

నా చేపల్లో ఒకటి రాళ్ల సందులోకి దూరి వణుకుతోంది. రెండోది లేదు. ఎంత వెతికినా లేదు. బావగారు కూడా వంగి చూసి, "మింగేసుంటుంది. పోనీలే, వచ్చేవారం నీకు బొచ్చె పిల్లలు బిందెడు తెస్తాను" అన్నారు.

పెద్దవాళ్లతో అండీ లేకుండా మాట్లాడడం మా నోళ్లకి రాదు. ఆ కోపంలో కూడా నాకు వచ్చింది అదే. "మీ చెరువులో ఎవరైనా మిమ్మల్నడక్కుండా చేపపిల్లల్ని మింగే జెల్లల్ని వదిలితే ఊరుకుంటారా అండీ?" అన్నాను.

"చెరువూ ఇదీ ఒకటేనా? ఈ వేలెడు చేపకి ఇంత రాద్ధాంతమా?" అని నవ్వారు. మా ఆయన చెప్పులు విప్పుకోవడంలో మునిగిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ ఆ నవ్వు మీదకన్నా ఆ చెప్పుల మీదే నాకు కోపం.

"అమ్మా, కత్తిపీట తే" అన్నారు బావగారు.

అత్తయ్యగారు కదల్లేదు. రాళ్ల సందులోకి చూస్తూ నిలబడ్డారు. "నేను కొయ్యను" అన్నారు.

"అదేంటమ్మా?"

"ఆ పిల్ల దాని కడుపులో ఉందిరా. నా చేత్తో ఎలా కొయ్యమంటావు? అమ్మాయి ఎన్నాళ్లు కాసుకుని తోడుపెట్టిన నీళ్లో తెలుసా నీకు? దీన్ని బకెట్లో వేసుకుని, ఎక్కడ పట్టావో అక్కడ వదిలిపెట్టు."

"ఇప్పుడా? అన్నం తినకుండా కొల్లేటిదాకానా?"

"అది బతికుండగానే."

బావగారు కొరమీనుని బకెట్లో వేసుకుని బండెక్కి వెళ్లిపోయారు. మిగిలిన చేపని శుభ్రమైన ఉప్పునీళ్లలోకి మార్చి, ముగ్గురం పప్పన్నం ముందు కూర్చున్నాం. ఆదివారం భోజనం ముందు ప్రార్థన అత్తయ్యగారిదే. పెద్దాడి చెరువుల్ని దీవించు తండ్రీ అన్న మాట అందులో తప్పకుండా ఉంటుంది. ఆ రోజు ఆవిడ కళ్లు మూసుకుని, ఒంటరిదైపోయిన ఆ మిగిలిన పిల్లని కాపాడమని అడిగారు. కాసేపు ఆగారు. చెరువుల మాట వస్తుందేమోనని మా ఆయన తల వంచుకునే ఉన్నారు. ఆవిడ ఆమెన్ అనేసి నాకు అన్నం వడ్డించారు.